ఆ తెల్ల గింజ ప్లాస్టిక్ కాదు: రోకలి నుంచి రేషన్ బియ్యం దాకా

కోనసీమలో మా పిన్ని రేషన్ బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చున్నాను. చేటలో రెండు గుప్పిళ్లు పోసుకుని వేలితో అటూ ఇటూ తోస్తోంది. మట్టిబెడ్డలూ వడ్లగింజలూ ఒక పక్కకు. మిగతా బియ్యంకంటే కాస్త పాలిపోయి, పసుపు తిరిగి, నున్నగా ఉన్న గింజలు ఇంకో పక్కకు. ఆ రెండో కుప్పను గిన్నెడు నీళ్లలో వేసింది. చాలావరకు పైకి తేలాయి.

"చూశావా అబ్బాయ్, ప్లాస్టిక్కు. బియ్యమైతే మునగొద్దూ? మొన్న ఫోన్లో వీడియో కూడా వచ్చింది" అంటూ ఆ నీళ్లు గింజలతో సహా కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసింది.

పారబోసినవి బియ్యప్పిండిలో ఐరనూ, ఫోలిక్ ఆమ్లమూ, బి12 విటమినూ కలిపి చేసిన గింజలు. వాటిని కలిపిన బియ్యాన్ని ఫోర్టిఫైడ్ బియ్యం అంటున్నారు. ఆ మాటే చెప్పాను. పిన్ని కాసేపు చేట ఆపి అడిగింది: "బియ్యంలో బలం కలపడమేంట్రా? మా చిన్నప్పుడు ఎవరు కలిపారు?"

చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే అది. దీనికి జవాబు రేషన్ షాపు దగ్గర దొరకదు. మిల్లు దగ్గరికి, ఇంకా వెనక్కి రోటి దగ్గరికి వెళ్లాలి.

ఒక బస్తా ధాన్యంలో ఏమేం ఉంటాయి

వడ్లగింజకు పైన గరుకుగా ఉండేది ఊక. దాని కింద గింజను అంటుకుని ఉండే పలచని గోధుమరంగు పొర తవుడు. ఒక కొసన చిన్న మొలక. లోపల మిగిలేది పిండిపదార్థం, మనం తెల్లన్నంగా తినేది అదే. ఊక ఒక్కటే తీస్తే ముడిబియ్యం. తవుడు కూడా గీకేస్తే పాలిష్ బియ్యం. రోట్లో దంచిన బియ్యం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది: తవుడు కొంత పోతుంది, కొంత గింజకే మిగులుతుంది.

గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అది మిల్లుకు వెళ్తే సుమారు 15 కిలోల ఊక, ఓ ఆరు కిలోల తవుడు, 50 కిలోల బియ్యం వస్తాయి. మిగిలింది చెత్తా తరుగూ. ప్రభుత్వం మిల్లర్ల దగ్గర తీసుకునే లెక్క కూడా దాదాపు ఇదే: 100 కిలోల ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68.

మనం చెప్పుకోబోయేదంతా ఆ ఆరు కిలోల గురించే. గింజలో ఉండే నూనె, పీచు, బి1 అనే విటమిన్, ఐరన్‌లో మంచి భాగం తవుడులోనూ మొలకలోనూ ఉంటాయి. తెల్లటి లోపలి భాగంలో శక్తి ఉంటుంది గానీ ఇవి తక్కువ.

రోకలి చేసిన పని, ఎవరికీ తెలియకుండా చేసిన ఇంకో పని

మనిషికి రోజుకు అరకిలో బియ్యం అనుకుందాం. అన్నమే తిండి అయిన రోజుల్లో అది ఎక్కువేం కాదు. ఆరుగురున్న ఇంటికి నెలకు 90 కిలోలు. అంటే నెలకు దాదాపు రెండు బస్తాల ధాన్యం దంచాలి. ఏడాది పొడుగునా, ప్రతి ఇంట్లోనూ, ఆడవాళ్లే.

మా మామ్మ చెప్పేది: కోడి కూయకముందే ఇద్దరు ఎదురెదురుగా నిలబడేవారు, ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడాలి. రోకలి చివర ఇనప పొన్ను గింజ మీద పడే చప్పుడుకు పాట కలిసేది. దంపుళ్ల పాటలన్నీ ఆ లయలో పుట్టినవే. దంచడం, చేటతో చెరగడం, ఊక ఎగిరిపోయాక మళ్లీ రోట్లో పోయడం. మామ్మ అరచేతుల్లో కాయలు ముసలితనంలో కూడా పోలేదు. ఆ పాటలు వినడానికి ఎంత బాగున్నా, పొద్దున్నే లేచి పోటు వేసే పనిని తలుచుకుని మురిసిపోవడం నాకు చేతకాదు.

ఆ కష్టంలో ఎవరూ కోరని మేలు ఒకటి దాగి ఉంది. మనిషి చేత్తో తవుడంతా గీకడం సాధ్యం కాదు. చేతులు నొప్పి పుట్టి ఎక్కడో ఒకచోట ఆపేస్తారు. ఆ ఆపేసిన చోట మిగిలిన తవుడే ఇంటిల్లిపాదికీ బి1 ఇచ్చింది. అలాంటి పదార్థం ఒకటుందని కూడా అప్పుడు ఎవరికీ తెలియదు.

కలవారి ఇళ్లలో దంచేది కూలికి వచ్చిన ఆడవాళ్లు. కూలిగా వాళ్లకు ముట్టేది గింజలూ, నూకలూ, తవుడూ. ఇది గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది.

ఆనకట్ట, కాలువ, మిల్లు పొగగొట్టం

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను వరిసీమగా మార్చింది. ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువలు నీళ్లతోపాటు పడవలనూ మోశాయి. నీటిమట్టం మారేచోట లాకులు కట్టారు. ఇప్పటికీ లొల్ల లాకుల దగ్గర నిలబడితే ఒకప్పుడు ధాన్యం పడవలు ఎలా దిగేవో ఊహకు అందుతుంది. డెల్టా రైతు కాటన్‌ను మరచిపోలేదు. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010 వంగడానికి పెట్టిన పేరు కాటన్‌దొర సన్నాలు.

ధాన్యం ఇంతగా పండాక రోకలికి అంత పని సాధ్యం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో కాలువగట్ల మీదా, రైలు స్టేషన్ల దగ్గరా మిల్లులు లేచాయి. ఆవిరి యంత్రాలకు బాయిలర్లో వేసింది బొగ్గు కాదు, ఎక్కువగా ఊకే. ధాన్యమే తన్ను తాను ఆడించుకునే ఏర్పాటు అది. తరవాత ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. ఊరూరా చిన్న హల్లర్ మిల్లు వెలిసింది. గాడులున్న ఇనప రోలు ధాన్యాన్ని రాపిడి పెట్టి ఊకనూ తవుడునూ ఒకేసారి ఊడదీస్తుంది. గింజలు విరిగి నూక ఎక్కువ వచ్చినా పని నిమిషాల్లో అయిపోతుంది. ఆ తరవాత వచ్చిన రబ్బరు రోలు మిల్లులు ముందు ఊక తీసి, పాలిష్ వేరే యంత్రంలో పెడతాయి. నూక తగ్గింది, తెలుపు పెరిగింది.

ఈ మార్పులో ఎవరికి ఏం దక్కిందో ఒక్క మాటలో చెప్పలేం. సొంతింట్లో దంచుకునే ఇల్లాలికి తెల్లవారుజాము తిరిగి దక్కింది. బడికి వెళ్లే ఆడపిల్లకు రోకలి తప్పింది. కూలికి దంచే మనిషికి మాత్రం పని పోయింది, పనితోపాటు ఇంటికి తెచ్చుకునే నూకా తవుడూ పోయాయి. ఈ నష్టం చట్టం దాకా వెళ్లింది. 1958లో వచ్చిన బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం ప్రకారం కొత్త మిల్లుకు అనుమతి ఇచ్చేముందు దానివల్ల అక్కడ ఎంతమందికి పని పోతుందో కూడా చూడాలి. ఆ చట్టం 1997లో రద్దయింది. అప్పటికి చాలా ఊళ్లలో రోకలి పండగ పిండికే దిగుతోంది.

తెలుపు మోజు కూడా అప్పుడే పట్టుకుంది. మల్లెపువ్వులాంటి అన్నం పెళ్లిలో గొప్ప, అల్లుడికి మర్యాద. దంపుడు బియ్యం పేదింటి తిండి అయింది.

బెరిబెరి: కోళ్లు చెప్పిన జవాబు

మిల్లు బియ్యం ఆసియా అంతా పాకుతున్నకొద్దీ ఒక జబ్బూ పెరిగింది. కాళ్లు తిమ్మిరెక్కడం, నడవలేకపోవడం, కొందరికి ఒళ్లు ఉబ్బి గుండె ఆగిపోవడం. దాని పేరు బెరిబెరి. మొదట అందరూ సూక్ష్మక్రిమి అనుకున్నారు.

1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డచ్ వైద్యుడు క్రిమి కోసం వెతుకుతూ కోళ్లు పెంచాడు. వాటికీ కాళ్లు చచ్చుబడ్డాయి. కొన్నాళ్లకు వాటంతట అవే కోలుకున్నాయి. ఆరా తీస్తే తేలిందిది: కోళ్లకు కొంతకాలం సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెట్టారు. కొత్త వంటవాడు వచ్చి, సైనికుల అన్నం కోళ్లకు ఇవ్వనన్నాడు. అప్పటినుంచి పాలిష్ చేయని బియ్యం వేశారు. అప్పుడే జబ్బు నయమైంది. బియ్యంలో ఏదో విషం ఉంది, తవుడు దానికి విరుగుడు అని ఐక్మన్ అనుకున్నాడు. ఆయన తరవాత వచ్చిన గ్రీన్స్ 1901లో తిరగేసి చెప్పాడు: విషం ఉండటం కాదు, కావలసింది లేకపోవడమే జబ్బు. ఐక్మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది.

ఆ "కావలసింది" బి1 విటమిన్. దాని రసాయన నిర్మాణం తేల్చి 1936లో ప్రయోగశాలలో తయారుచేసినవాడు రాబర్ట్ ఆర్. విలియమ్స్. ఆయన 1886లో మన నెల్లూరులో పుట్టాడు, మిషనరీల కొడుకు. 1910 ప్రాంతంలో మనీలాలో తవుడు సారంతో బెరిబెరి రోగులకు వైద్యం జరుగుతున్నప్పుడు మొదలుపెట్టిన పని, పాతికేళ్లు వదలకుండా చేశాడు. 1940ల చివర్లో ఫిలిప్పీన్స్‌లోని బతాన్‌లో బి1 కలిపిన గింజల్ని మామూలు బియ్యంలో కలిపి జనానికి ఇచ్చిన ప్రయోగం వెనుకా ఆయనే ఉన్నాడు. మా పిన్ని పారబోసిన గింజకు తాత ఆ బతాన్ గింజే.

తమిళులకు రాని జబ్బు మనకెందుకు వచ్చింది

మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది ఉత్తర సర్కారుల్లో, అంటే గోదావరి, కృష్ణా ప్రాంతాలతో కూడిన మన కోస్తాలో. దక్షిణాన తమిళ జిల్లాల్లో కూడా అన్నమే తిండి, అక్కడా మిల్లులే. అయినా అక్కడ జబ్బు లేదు. కూనూరులోని పోషకాహార పరిశోధకులు 1920, 30 దశకాల్లో పరిశీలించిన చిక్కుముడి ఇది.

తేడా ఒక్క పనిలో ఉంది. తమిళ ప్రాంతాల్లో తిన్నది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి అప్పుడు మిల్లు పట్టిస్తారు. ఊక లోపలే ఉడికేటప్పుడు తవుడులోని బి1 కొంత నీటితోపాటు గింజ లోపలికి దిగుతుంది. తరవాత తవుడు గీకేసినా అది లోపలే ఉండిపోతుంది. మన కోస్తావాళ్లకు నచ్చింది పచ్చిబియ్యం. గీకగానే అంతా పోయింది.

మన వంటింటి అలవాటు మిగిలినదాన్ని కూడా తీసేసింది. బియ్యం మూడుసార్లు కడిగి, ఎసట్లో పోసి, గంజి వార్చేస్తాం. బి1 నీటిలో కరిగిపోయే సరుకు. గంజిని తరవాణి కుండలో పోసి, పుల్లబెట్టి, మర్నాడు చద్దన్నంలో వేసుకునే ఇళ్లలో అది ఎంతోకొంత కడుపులోకే చేరేది. గంజి గేదెకు పోసిన ఇళ్లలో గేదెకు చేరేది. అన్నంతోపాటు పప్పూ పాలూ చేపా తినే ఇళ్లకు ఈ లోటు తెలియలేదు. అన్నమూ ఉప్పూ మిరపకాయా తిండి అయినచోటే జబ్బు పట్టింది.

మిల్లు జబ్బు తెచ్చింది అంటే సగమే నిజం. అదే మిల్లు ఉప్పుడు ధాన్యం ఆడిస్తే తేలేదు కదా! యంత్రం, దానికి ముందు చేసే పని, వంట అలవాటు, ఇంటి పేదరికం: నాలుగూ కలిసినచోట కాళ్లు చచ్చుబడ్డాయి.

ఇంతకీ ఆ తెల్ల గింజ ఏమిటి

నూకల్ని పిండి చేసి, విటమిన్లూ ఐరనూ ఉన్న పొడి కలిపి, నీళ్లతో ముద్ద చేస్తారు. జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టే, వేడి చేసిన యంత్రంలోంచి సన్నటి రంధ్రాల గుండా నొక్కి, బియ్యపు గింజంత ముక్కలుగా కోసి ఎండబెడతారు. మిల్లులో వంద కిలోల మామూలు బియ్యానికి ఇవి ఒక కిలో కలుపుతారు. చుట్టూ ఉన్న గింజలంత చిక్కగా ఉండవు కాబట్టి కొన్ని నీళ్లలో తేలతాయి. పొడి కలిసింది కాబట్టి రంగు కాస్త మారుతుంది. ప్లాస్టిక్ మంటలో కరిగి కారుతుంది, ఎసట్లో ఉడకదు. ఇవి ఉడుకుతాయి, మెతుకులవుతాయి.

ప్రభుత్వ పథకాలన్నింటిలో ఈ బియ్యం ఇస్తామని ప్రధాని 2021 ఆగస్టు 15న ప్రకటించారు. 2024 కల్లా రేషన్‌కూ, బడి భోజనానికీ, అంగన్‌వాడీలకూ చేరింది.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటి ఉంది. మిల్లు తీసేసిందే ఇప్పుడు తిరిగి కలుపుతున్నారని అనుకుంటారు. పూర్తిగా అలా కాదు. మిల్లు తీసేసినవాటిలో ముఖ్యమైనది బి1. నిబంధనల ప్రకారం తప్పనిసరిగా కలపాల్సినవి ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12. బి1 కలపడం ఐచ్ఛికం. బి12 అయితే వరిగింజలో అసలు ఎప్పుడూ లేదు, అది మాంసం, చేపలు, గుడ్లు, పాలలో దొరికేది. ఇప్పటి గురి బెరిబెరి కాదు, రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59.

పళ్లెంలో ఎన్ని గింజలు

ఒక పూటకు 150 గ్రాముల బియ్యం వండుకుంటే, గింజ బరువు సుమారు 20 మిల్లీగ్రాములు అనుకుంటే, పళ్లెంలో 7,500 గింజలు. అందులో ఫోర్టిఫైడ్ గింజలు 75. కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలన్నది ప్రమాణం. ఆ లెక్కన రెండు పూటలకు, 300 గ్రాములకు, ఎనిమిది నుంచి దాదాపు 13 మిల్లీగ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 సిఫారసు ప్రకారం పెద్ద ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29. తిన్నదంతా ఒంటికి పట్టదు కూడా.

అంటే ఆ 75 గింజలు అన్ని లోట్లూ తీర్చవు. వాటిని ఏరి పారేస్తే, ఉన్నది కూడా పోయి మామూలు పాలిష్ బియ్యమే మిగులుతుంది. మా పిన్ని ఏరినంత ఓపికగా ఏరితే ప్రభుత్వం పెట్టిన ఖర్చంతా కొబ్బరిచెట్టుకే.

కావాలనేవారు, వద్దనేవారు

కావాలనేవారి వాదన సూటిగా ఉంటుంది. పేదింట్లో రోజూ తినేది అన్నమే. తిండి అలవాటు మార్చమని ఎవరినీ అడగకుండా, తినేదాంట్లోనే కలిపేస్తే అందరికీ చేరుతుంది. అయోడిన్ ఉప్పు అలాగే చేరింది.

వద్దనేవారికీ బలమైన మాటలున్నాయి. రక్తహీనత ఐరన్ తక్కువవడం వల్లే రాదు, నులిపురుగులూ జ్వరాలూ బి12 లోటూ కూడా కారణాలే. ఐరన్ కలిపిన బియ్యం మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాల్ని 2019లో కొక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ సమీక్షించింది. రక్తహీనత తగ్గడంలో పెద్ద తేడా ఉండకపోవచ్చని చెప్పింది. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్నవారికి అదనపు ఐరన్ మంచిది కాదు, గోదావరి ఎగువన ఏజెన్సీలో సికిల్ సెల్ అనే మరో రక్తజబ్బు ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. మొదట్లో సంచుల మీద వీళ్లకు హెచ్చరిక ఉండాలని నిబంధన ఉండేది. ఈ మోతాదుకు అది అవసరం లేదని నిపుణులు చెప్పాక తీసేశారు, ఆ తీసేయడం మీదా అభ్యంతరాలున్నాయి. ఇంకో ప్రశ్న: రేషన్ మీద బతికే ఇంటికి ఇది వద్దనుకునే వీలుందా? చోడిపిండీ, మునగాకూ, గుడ్డూ, చిన్నచేపా అందేలా చూడటం మంచిదారి కాదా?

నా మటుకు నాకు ఈ రెండో వాదనలోని చివరి ప్రశ్నే బరువుగా తోస్తుంది. అయినా గుడ్డు రోజూ అందేదాకా ఆ 75 గింజల్ని పారబోయమని పిన్నికి చెప్పలేను. ఒక విషయంలో మాత్రం అనుమానం లేదు. ఇంటింటికీ చేరే తిండిలో కొత్త గింజ కలిపినప్పుడు, అదేమిటో తినేవాళ్లకు వాళ్ల మాటల్లో ముందే చెప్పాల్సింది. చెప్పలేదు కాబట్టే ఆ ఖాళీలోకి వాట్సాప్ వచ్చి కూర్చుంది.

ఆ ఆరు కిలోలు ఇప్పుడు ఎక్కడున్నాయి

అంతా విన్నాక పిన్ని ఇంకో ప్రశ్న వేసింది: "మరి మిల్లోడు తీసేసిన తవుడు ఏం చేస్తున్నాడు?"

తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. మిల్లులోంచి వచ్చిన కొద్ది గంటల్లోనే ముక్కిపోవడం మొదలవుతుంది కాబట్టి వెంటనే నూనె ఫ్యాక్టరీకి లారీ ఎక్కుతుంది. అక్కడ నూనె తీస్తారు, మనం షాపులో రైస్ బ్రాన్ ఆయిల్ అని కొనేది అదే. నూనె పోగా మిగిలిన పొడి తవుడులో మాంసకృత్తులూ, నూనెలో కరగని విటమిన్లూ ఉండిపోతాయి. దాన్ని కొనేవాళ్లలో చేపల చెరువులవాళ్లు ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో గోదావరి దాటి భీమవరం వైపు వెళ్తుంటే బస్సు ఒక చెరువుగట్టు పక్కన ఆగింది. పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. ఒకతను చిన్న పడవలో నిలబడి, అడుగున చిల్లులు పొడిచిన సంచిలో తవుడు నింపి మూతి బిగించి, నీళ్లలో పాతిన వెదురు గెడకు కట్టాడు. అలాంటి గెడలు చెరువంతా వరసగా ఉన్నాయి. అతను రెండో గెడ దగ్గరికి చేరకముందే మొదటి సంచి అటూ ఇటూ ఊగడం మొదలైంది. కింద శీలావతులూ బొచ్చెలూ మూతులతో పొడుస్తున్నాయి, పొడిచినప్పుడల్లా గోధుమరంగు నీళ్లలోకి మేఘంలా విచ్చుకుంటోంది.